ఎడమ కాలికి పనిలేని బండి

"ఇంజను రాయిలా ఉందయ్యా సురేష్‌బాబూ. దానికేం రోగం లేదు," అంటూ బండి కిందనించి బయటికి జరిగాడు ఏసురాజు. చేతిలో రేకు పళ్ళెం, అందులో నల్లటి ఆయిలు. "పోయింది టార్క్ కన్వర్టరు."

మోరంపూడి అవతల, హైవే పక్కనున్న రేకుల షెడ్డు అతనిది. ముప్ఫై ఏళ్ళుగా పికప్పులు విప్పి బిగించిన మనిషి. చేతులు వేస్టు గుడ్డతో తుడుచుకుంటూ సంగతంతా సురేష్‌బాబుకే చెబుతున్నాడు. బండి ఎవరిదో తెలియక కాదు. ఆర్సీలో పేరున్న వీరవేణి, సురేష్‌బాబు అక్క, రెండు బారల దూరంలో తలుపు పట్టుకుని నిలబడే ఉంది. ఎదురుగా మగాడుండగా ఇంజను గురించి ఆడమనిషితో మాట్లాడ్డం అతనికి అలవాటు లేదు, అంతే.

వీరవేణికి ముప్ఫై అయిదేళ్ళు. ఎడం కాలు చిన్నప్పుడే పోలియోతో సన్నబడిపోయింది. నడిచేటప్పుడు ఎడం చెయ్యి తొడమీద ఆన్చి అడుగేస్తుంది. రోజూ అంతర్వేది పల్లిపాలెం రేవులో చేపలు ఎత్తుకుని, తనే నడుపుకుంటూ రాజమండ్రి మార్కెట్టుకి తెస్తుంది. క్లచ్ లేని బండి కాబట్టే తేగలుగుతోంది. పోలవరం పనుల్లో ఏదో కంపెనీ అరగదీసి వదిలేసిన ఈ ఆటోమేటిక్ పికప్పుని, స్పేర్లు దొరకవని అందరూ వద్దంటే, ఆవిడొక్కతే ఎగిరి గంతేసి కొనుక్కుంది.

"కన్వర్టరంటే ఏంటండి?" అంది వీరవేణి.

ఏసురాజు సురేష్‌బాబు వైపు చూసే చెప్పాడు. "రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టావనుకో. ఒకదానికి స్విచ్చేస్తే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా. ఇందులో గాలి బదులు ఆయిలు. ఇంజను ఒక ఫ్యానుని తిప్పుతుంది. ఆ ఆయిలు తోపుకి రెండోది తిరిగి, గేరుబాక్సుని తిప్పుతుంది. రెంటినీ ఓ గుండ్రటి రేకులో పెట్టి అతికేస్తారు. మీది లోపల వేడెక్కి మాడిపోయింది."

"అక్క తొక్కేసుంటుందిలెండి," అన్నాడు సురేష్‌బాబు. "మొన్న జొన్నాడ వంతెన దాటగానే ఆగిపోయిందండి. అప్పుడు నడుపుతున్నది అక్కే. పొద్దుటి ట్రిప్పు అక్కది, మధ్యాహ్నం ఐసు తేవడానికి నేను తీస్తాను. నా చేతిలో ఒక్కనాడూ ఆగలేదు."

జొన్నాడ దగ్గర జరిగిందేమో నిజమే. ఇంజను గోల పెట్టింది, బండి అంగుళం కదల్లేదు, మాడు వాసన గుప్పుమంది. పండుగప్ప, మాగ చేపలు కరిగిపోతున్న ఐసులో ఉండగా వేరే వ్యాను పిలిపించుకుని మార్చుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పట్నించీ పల్లిపాలెంలో ఎవరు పలకరించినా తమ్ముడిది ఒకటే జవాబు, అక్క తొక్కేసిందని. వినీ వినీ వీరవేణికే అనుమానం పట్టుకుంది. ఎక్కడ తప్పు తొక్కాను, ఏ గుంట దగ్గర, ఏ లారీ వెనకాల అని నాలుగు రోజులుగా రోడ్డంతా మనసులోనే తిరిగొస్తోంది.

"నా మాట విను సురేష్‌బాబూ," అన్నాడు ఏసురాజు. "ఈ గేరుబాక్సు పీకేసి మామూలుది పెట్టించెయ్. క్లచ్ పెడలొస్తుంది. ఆటోనగర్లో ఏ కొట్లో అడిగినా ఇస్తారు. రెండ్రోజుల్లో రోడ్డెక్కుతుంది, మళ్ళీ ఏది పోయినా గంటలో బాగుచేస్తాను."

"అదే చేసెయ్యండి మరి."

"క్లచ్ ఎవరు తొక్కాలండి?" అంది వీరవేణి.

ఏసురాజు చూపు ఆవిడ కాలి మీద పడి, తప్పు చేసినట్టు పక్కకి పోయింది.

"నేనున్నాను కదక్కా," అన్నాడు సురేష్‌బాబు. "నువ్వు హాయిగా పక్కన కూచో."

ప్రేమగానే అన్నాడు. పదేళ్ళుగా ఎవరెవరి వ్యాన్లో నడిపినవాడు, అక్క కష్టపడకూడదనుకునేవాడు. అందుకే వీరవేణికి ఒళ్ళు మండింది. తిట్టే మనిషితో పోట్లాడొచ్చు గానీ, పక్కన కూచోమని దిండు వేసేవాడితో ఎలా పోట్లాడాలి? స్టీరింగు వెనక కూచున్నప్పుడు ఆవిడ కుంటి వేణి కాదు. రావులపాలెం దగ్గర లారీవాళ్ళు హారను కొడితే తిరిగి హారను కొట్టే మనిషి. ఆ సీటు ఇప్పుడు రెండు మగగొంతుల మధ్య చేతులు మారిపోతోంది.

"శుక్రవారం దాకా టైమివ్వండి ఏసురాజుగారూ," అంది. "కన్వర్టరు నేను వెతికి తెస్తాను. అప్పటికీ దొరక్కపోతే మీ ఇష్టమొచ్చింది పెట్టండి."

ఏసురాజు మొదటిసారి ఆవిడ వైపు తిరిగాడు. "దొరకదమ్మా."

"దొరికితేనండి?"

"దొరికితే బిగిస్తాను." తల గోక్కున్నాడు. "నిజం చెప్పాలంటే పికప్పుకి ఇది నేనూ ఎప్పుడూ బిగించలేదు. కార్లకి ఒకటో రెండో చేశాను." వద్దన్నవాడే గానీ, ఆ మాటన్నప్పుడు అతని మొహంలో ఓ కుతూహలం కనపడింది. వీరవేణి అది కనిపెట్టేసింది. చేపల బేరంలో అవతలివాడి మొహం చదవడమే ఆవిడ బతుకుతెరువు.

మర్నాడు బుధవారం. చేపల పని పిన్ని కూతురు సాయిదుర్గకి అప్పగించి, క్యారేజీ కట్టుకుని, బస్సులు మారి తొమ్మిదింటికల్లా షెడ్డులో దిగింది. ఫోను నిండా వీడియోలు. బోర్లించిన పెయింటు డబ్బా మీద కూచుని, ఏసురాజు గొలుసు కప్పీతో గేరుబాక్సు దింపుతుంటే రెప్ప వెయ్యకుండా చూసింది. కన్వర్టరు బయటపడింది. రెండు మూకుళ్ళు అంచులు కలిపి అతికినట్టు, బరువుగా, మసిబారి ఉంది. ఇంత గోల చేసిన వస్తువు ఇదా అని వీరవేణి వంగి దాన్ని తట్టింది.

"పళ్ళు లెక్కపెడదామండి," అంది.

కన్వర్టరు మధ్యనున్న రంధ్రంలోకి గేరుబాక్సు ఇరుసు దూరుతుంది. అక్కడ లోపలివైపు చిన్న చిన్న పళ్ళుంటాయి. వాటిలో ఒక్కటి తేడా వచ్చినా ఇరుసు దూరదు. ఏసురాజు టార్చి వేసి లెక్కపెడితే ఇరవై ఆరొచ్చాయి. వీరవేణి లెక్కపెడితే ఇరవై ఏడు. "మొదటిదానికి సుద్దముక్క పెట్టి మొదలెట్టండి," అంది. గుండ్రంగా తిరిగే లెక్కలో మొదలు మర్చిపోతే అంతే సంగతులు. ఈసారి ఇద్దరికీ ఇరవై ఏడే వచ్చాయి. ఏసురాజు నవ్వి, అదేదో తనే కనిపెట్టినట్టు అట్టముక్క మీద రాశాడు. బోల్టులు ఆరు. మూతి వెడల్పు ఇంత. లోతు ఇంత. కొలతలన్నీ అయ్యేసరికి ఇద్దరూ అన్నం సంగతే మర్చిపోయారు.

ఆ తరవాత ఫోన్లు. సురేష్‌బాబు బద్ధకస్తుడేం కాదు, వాడూ తనకి తెలిసిన డ్రైవర్లందరికీ చేశాడు. బెజవాడలో లేదన్నారు. హైదరాబాదులో కొత్తది తెప్పిస్తాం, రెండు నెలలు ఆగండన్నారు. ఒకాయన అసలది క్లచ్ ప్లేటే కదా అని అరగంట వాదించాడు. సాయంత్రం నాలుగింటికి ఆటోనగర్లో పాత సామాన్ల కొట్టు హరిబాబు దగ్గర్నించి కబురొచ్చింది. తన దగ్గర అలాంటి గుండ్రటివి మూడున్నాయట. ఏది ఏ బండిదో వచ్చి చూసుకోవాలట.

ఆ మాట వినగానే వీరవేణి డబ్బా మీదనించి లేచిన వేగానికి డబ్బా దొర్లిపోయింది. "మూడండీ," అంది ఏసురాజుతో. ఇంటికి వెళ్ళే బస్సులో కూడా కిటికీ పక్కన కూచుని వీడియోలే. అందులో ఎవరో మలయాళీ ఆయన కన్వర్టరుని అడ్డంగా కోసి చూపిస్తున్నాడు. మాట ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతులు మాత్రం బాగా అర్థమయ్యాయి. ఇంజను వేగం చూపే గడియారంలా బొమ్మ గీసి, పెట్రోలు ఇంజను ముల్లు ఇక్కడిదాకా, డీజిల్ ముల్లు ఇక్కడికే అని వేలు పెట్టి చూపించాడు. వీరవేణి అది ఆరుసార్లు చూసింది.

గురువారం పొద్దున్నే ముగ్గురూ పాత కన్వర్టరుని ఆటోలో వేసుకుని హరిబాబు కొట్టుకి వెళ్ళారు. లావుపాటి మనిషి, నుదుట గంధం, మాటకి ముందొకసారి వెనకొకసారి అండీ. గోనెపట్టా పరిచి మూడింటినీ వరసగా పెట్టించాడు. ఒకటి నూనె మరకలతో మామూలుగా ఉంది. రెండోది వెండిరంగు పూసుకుని ధగధగ మెరుస్తోంది. మూడోది తుప్పుపట్టి, ఓ మూల సొట్టపడి, చూడ్డానికే దిగులుగా ఉంది.

మొదటిదానికి పళ్ళు ఇరవై ఏడు. బోల్టులు ఆరు. మూతి సరిపోయింది.

"ఇదే అక్కా," అన్నాడు సురేష్‌బాబు. ఏసురాజు కూడా తలూపాడు.

"ఇది ఏ బండిదండి హరిబాబుగారూ?"

"కారుదండి. పెట్రోలు బండి. మంచి కండిషనండి."

"అయితే మనకి పనికిరాదు," అంది వీరవేణి. ముగ్గురూ చూశారు. "పెట్రోలు ఇంజను గబగబా తిరిగాకే లాగడం మొదలెడుతుందండి. లోపలి రెక్కలు దానికి తగ్గట్టు వంచుతారు. మనది డీజిలు. అంత వేగం తిరగదు, నిదానంగా ఉండగానే లాగుతుంది. ఇది బిగిస్తే దూరుతుంది, బిగుసుకుంటుంది. కానీ బండి కదలకముందే ఆయిలు జారిపోతూ వేడెక్కిపోతుంది. నెల తిరిగేసరికి మళ్ళీ జొన్నాడ వంతెనే."

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నాడు ఏసురాజు.

"ఒక మలయాళీ ఆయనండి."

ఏసురాజు హరిబాబు మొహం చూశాడు. "ఆయ్, నిజమేనండి, పెట్రోలుది డీజిలుకి వెయ్యకూడదంటారు," అని హరిబాబు ఒప్పుకున్నాడు. అడగందే తనెందుకు చెబుతాడు.

మిగిలినవి రెండూ డీజిల్ పికప్పులవే. రెంటికీ పళ్ళు సరిపోయాయి, కొలతలూ సరిపోయాయి. సురేష్‌బాబు మెరిసేదాని దగ్గర గొంతుకు కూచున్నాడు. రీకండిషన్ అండి అన్నాడు హరిబాబు, కోసి, లోపల కొత్తవి వేసి, మళ్ళీ అతికిందట. "మరింకేం," అన్నాడు సురేష్‌బాబు. తుప్పుది ఎక్కడో గుద్దుకుపోయిన బండిలోంచి తీసిందట.

"రెంటిలోంచి కొంచెం ఆయిలు ఒంపండి," అంది వీరవేణి.

ఏసురాజు మెరిసేదాన్ని ఒడిసిపట్టి వంచాడు. చాలాసేపటికి చెంచాడు ఆయిలు జారింది. వీరవేణి అది అరచేతిలో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. బొటనవేలితో నలిపింది. చెయ్యి ఎండలోకి చాపి అటూ ఇటూ వంచింది. రోజూ రేవులో చేప మొప్ప ఎత్తి చూసే తీరే అది. ఆ చూపుకి రేవులో పడవవాళ్ళు కూడా నోరు మూసుకుని నిలబడతారు.

"చూడండి ఏసురాజుగారూ. సన్నగా మెరుపుంది, చిన్న చేప పొలుసులా. లోపల ఇనుము అరుగుతోంది. మాడు వాసన కూడా పోలేదు. మొప్పలకి రంగు పూసిన చేపని మాకు రోజుకొకడు అంటగట్టాలని చూస్తాడండి. ఇదీ అదే."

ఏసురాజు జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, అతుకు ఉన్నచోట వెండిరంగు గీకాడు. కోసి మళ్ళీ అతికితే కొత్త వెల్డింగు కనపడాలి. కింద పాత అతుకే ఉంది, సందుల్లో తుప్పుతో సహా. దీన్ని ఎవరూ కొయ్యలేదు. "హరిబాబూ," అన్నాడు నిదానంగా.

"నాకూ అలాగే చెప్పి అమ్మారండీ," అన్నాడు హరిబాబు గంధం తుడుచుకుంటూ.

తుప్పుదాన్ని వంచారు. కాస్త నల్లబడినా ఎర్రగానే ఉన్న ఆయిలు ధారగా వచ్చింది. వీరవేణి వాసన చూసింది. నలిపింది. ఎండలో పెట్టింది. మళ్ళీ పోయించుకుని మళ్ళీ చూసింది. మెరుపు లేదు. మాడు లేదు. సొట్ట ఉన్నది పైరేకు అంచున, తిరగడానికి అడ్డు రాదని ఏసురాజు దారం కట్టి తిప్పి చూసి తేల్చాడు.

"ఏది తీసుకుందామమ్మా?" అన్నాడు.

సురేష్‌బాబు తల ఎత్తి అతన్ని చూశాడు. మూడ్రోజుల్లో ఆ ప్రశ్న అక్కకి రావడం అదే మొదలు. వీరవేణికి మాత్రం అదేం పట్టలేదు. ఎడం అరచేత్తో తుప్పు కన్వర్టరుని నిమురుతూ, "ఇదేనండి, ఇదే," అంది. సంతోషం పట్టలేక నవ్వేసింది. చేతికంటిన ఆయిలు చీర కుచ్చిళ్ళకి తుడిచేసుకున్నానని ఆటో ఎక్కాక గానీ చూసుకోలేదు.

శుక్రవారం బిగింపు. ఆయిలు చల్లబడే పైపుల్ని ఏసురాజు అలాగే వదిలేయబోయాడు, బాగానే ఉన్నాయిగా అని. వీరవేణి ఒప్పుకోలేదు. పాతది అరిగిన పొడి అందులో మిగిలుంటే కొత్తదాంట్లోకి పోతుందని పట్టుబట్టింది. పెట్రోలు పోసి గాలి కొడితే పైపుల్లోంచి నల్లటి బురద మెరుస్తూ కారింది. ఏసురాజు ఆ బురద వైపు చూసి, ఆవిడ వైపు చూసి, ఇంకోసారి కడిగాడు.

కన్వర్టరులో ఆయిలు పోసి, గేరుబాక్సు మూతికి ఆనించి, తిప్పుతూ తోశాడు. ఠక్కుమంది. ఇంకాస్త తిప్పితే మళ్ళీ ఠక్కుమంది. అయిపోయిందనుకుని బోల్టులు అందుకోబోతే, వీరవేణి స్కేలు పెట్టి చూపించింది. ఇంకా వేలెడు బయటికే ఉంది. ఇలాగే బిగిస్తే లోపలి పంపు పగిలిపోతుంది. ఏసురాజు ఊపిరి బిగబట్టి, రెండు అరచేతులతో, పసిపిల్ల తల తిప్పినంత మెల్లగా తిప్పాడు.

"వేణమ్మా, ఇటు చెవి పెట్టు," అన్నాడు.

ఆవిడ వంగింది. మూడో ఠక్కు వచ్చింది, లోతుగా, నిండుగా. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పిల్లల్లా నవ్వుకున్నారు.

సాయంత్రం అయిదింటికి ఇంజను స్టార్టయింది. గేరు వెయ్యగానే బండి ఒక్కసారి ఒళ్ళు కదిలించి, ముందుకి వెళ్ళడానికి సిద్ధపడింది. వీరవేణికి కళ్ళు చెమర్చాయి. తలుపు దగ్గరికి అడుగు వేసేలోపే తాళం చేతిలో ఉన్న సురేష్‌బాబు సీటెక్కేశాడు.

"ఉండక్కా, టెస్టు నేను చేస్తాను. ఏదైనా తేడా ఉంటే నీకెందుకు," అని సర్వీసు రోడ్డు మీదికి తీశాడు.

వీరవేణి ఆగిపోయింది. ఏసురాజు పక్కన నిలబడి, తన బండి తనకి దూరంగా వెళ్తుంటే చూసింది. కొన్నాక ఆ బండిని ఆవిడ వెనకనించి చూడ్డం అదే మొదటిసారి. పొద్దున తనే నడుపుతుంది, మధ్యాహ్నం సురేష్‌బాబు ఐసుకి తీసేవేళకి తను ఇంట్లో ఉంటుంది.

వెనక రెండు ఎర్ర లైట్లూ వెలుగుతున్నాయి. ఖాళీ రోడ్డు, ఎదురుగా కుక్క కూడా లేదు. బండి వేగం అందుకుంటోంది, బ్రేకు లైట్లు ఆరట్లేదు. మలుపు తిరిగి వచ్చి, మళ్ళీ అటు వెళ్ళినప్పుడూ అంతే.

"బ్రేకు స్విచ్చు ఇరుక్కుందేమో," అన్నాడు ఏసురాజు.

సురేష్‌బాబు బండి ఆపి, మొహమంతా నవ్వుతో దిగాడు. వాడి కాళ్ళు నేల మీద పడగానే లైట్లు రెండూ ఆరిపోయాయి. చక్రాల దగ్గర్నించి మాడు వాసన సన్నగా వచ్చింది. జొన్నాడ దగ్గర వచ్చిన వాసన కాదు గానీ, దాని చుట్టమే.

"ఒరేయ్ సురేషూ," అంది వీరవేణి. "నీ ఎడం కాలు ఎక్కడ పెట్టావు?"

"ఎక్కడేంటక్కా. పెడల్ మీద. క్లచ్ మీద పెట్టుకుంటాంగా, అలా కాస్త ఆనించి ఉంచుతాను. లేకపోతే కాలికి తోచదు."

"రోజూ అంతేనా? ఐసు తెచ్చేటప్పుడు?"

"ఆ."

ఏసురాజు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఆ పెడల్ క్లచ్ కాదయ్యా, బ్రేకు. ఒక కాలితో బ్రేకు నొక్కిపట్టి, రెండో కాలితో రేసు ఇస్తున్నావు. ఒక ఫ్యానుని చేత్తో పట్టి ఆపేసి రెండోదాన్ని తిప్పితే మధ్యలో ఆయిలు మాడక ఏమవుతుంది? రోజూ కాస్త కాస్త మాడి, ఆఖరికి మీ అక్క చేతిలో ఆగింది." వీరవేణి వైపు తిరిగాడు. "నేనూ నువ్వే తొక్కావనుకున్నానమ్మా. అడగనైనా అడగలేదు."

వీరవేణికి కోపం రాలేదని కాదు, బాగానే వచ్చింది. వారం రోజులు ఊరంతా తన మీదే నింద వేశాడు. కానీ కోపం కంటే ముందు ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయింది. ఎక్కడ తప్పు తొక్కానా అని రోడ్డంతా వెతుక్కుంది, ఎక్కడా తొక్కలేదు. ఆవిడ ఎడం కాలు ఏ పెడలూ తొక్కి ఎరగదు. మడిచి సీటు మీద పెట్టుకుంటే అక్కడే ఉంటుంది. ఈ బండికి కావలసింది అదే. ఇన్నాళ్ళూ దాన్ని సరిగ్గా నడిపింది తనొక్కతే. ఆ మాట మనసులో అనుకుంటే చాల్లేదు, పైకి అరవాలనిపించింది.

అరవలేదు. చుట్టూ తిరిగి వెళ్ళి, ఎడంవైపు తలుపు తీసి ఎక్కి కూచుంది. "ఎక్కు," అంది తమ్ముడితో. "రేపు ఐసుకి వెళ్ళేది నువ్వే కదా. ఇప్పుడే నేర్చుకో. ఎడం కాలు మడిచి సీటు మీద పెట్టుకో."

"ఎలాగక్కా?"

"నేను ఎలా కూచుంటానో చూడలేదా?"

సురేష్‌బాబు ఇబ్బందిగా కాలు మడిచాడు. మోకాలు స్టీరింగుకి తగిలింది, సర్దుకున్నాడు. బండి కదిలింది. కొంతదూరం వెళ్ళాక రోడ్డు మీదనించి చూపు తిప్పకుండానే అడిగాడు.

"అయితే మొన్నటిది నేనే పాడుచేశానన్నమాట."

"అవును," అంది వీరవేణి. "రేపు రేవులో అందరికీ ఆ ముక్క నువ్వే చెబుతావు."

"చెబుతాను," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఎదురుగా స్పీడ్‌బ్రేకరు వచ్చింది. పదేళ్ళ అలవాటు, వాడి ఎడం కాలు దానంతటదే కిందికి జారబోయింది. వీరవేణి చెయ్యి చాపి వాడి మోకాలిని గట్టిగా అదిమి పట్టుకుంది.

"దించకు. నాలాగ నడుపు."

మోకాలు ఆవిడ అరచేతి కింద ఒక్కసారి కదిలి, ఆగిపోయింది. బండి మెత్తగా ఎక్కి, మెత్తగా దిగింది.